కొలంబస్ గొడవ వెనుక 1828 నాటి పుస్తకం

అక్టోబరు రెండో సోమవారం, అంటే కొలంబస్ డే వస్తోందంటే చాలు, అమెరికాలో కొలంబస్ పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. 2021లో బైడెన్ ఆ రోజును మూలవాసుల దినంగా కూడా ప్రకటించారు. 2025లో ట్రంప్ ఒక్క కొలంబస్ డేనే ప్రకటించి, కొలంబస్‌ను అసలైన అమెరికన్ వీరుడన్నారు. ఆసియాకని మూడు ఓడల్లో పడమరగా బయల్దేరి, 1492లో అమెరికా దీవులకు చేరిన కథ అందరికీ తెలిసిందే. ఆ ‘వీరుడు’ ఎక్కణ్నుంచి వచ్చాడో తెలియాలంటే నేరుగా 1828కి వెళ్లాలి.

ఆ ఏడాది అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ రాసిన కొలంబస్ జీవితచరిత్ర నాలుగు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. ఇర్వింగ్ అప్పటికే పేరున్న కథకుడు. 1826లో ఆయన మాడ్రిడ్ వెళ్లింది అనువాదం చేయడానికి. నవర్రేతె అనే స్పెయిన్ పండితుడు 1825లో అచ్చువేసిన కొలంబస్ పత్రాలను ఇంగ్లీషులో పెట్టాలి. ఈ పత్రాలు మామూలు పాఠకుడికి ఎక్కవనిపించి, అనువాదం పక్కన పెట్టి కథ రాశాడు.

ఆ పుస్తకంలో స్పెయిన్ పట్టణం సలమాంకాలో జరిగినట్టు రాసిన ఘట్టమే చూడండి. భూమి గుండ్రమంటే ఒప్పుకోని మతపెద్దల నడుమ కొలంబస్ ఒంటరిగా వాదిస్తాడు. నిజానికి భూమి గుండ్రమని అప్పటి చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. తగాదా అంతా దాని సైజు గురించే. భూమి చుట్టుకొలతలో ఒక డిగ్రీకి 56⅔ మైళ్లన్న, తొమ్మిదో శతాబ్దపు ఖగోళవేత్త అల్ ఫర్గానీ లెక్కను కొలంబస్ తీసుకున్నాడు. అవి అరబ్బీ మైళ్లు. వాటిని పొట్టి ఇటలీ మైళ్లనుకోవడంతో భూమి నాలుగో వంతు కుంచించుకుపోయింది. కానరీ దీవుల నుంచి జపాన్‌కు సుమారు 4,400 కిలోమీటర్లే అనుకున్నాడు. పడమరగా వెళ్తే అసలు దూరం 19 వేల పైనే. కాదన్న పండితులదే సరైన లెక్క. 1829లో వచ్చిన సంక్షిప్త ప్రతితో ఇర్వింగ్ కొలంబస్ బడిపిల్లల దాకా వెళ్లాడు.

కొలంబస్ మొదటి యాత్రలో రాసుకున్న డైరీ అసలు ప్రతి పోయింది. మిగిలింది ఆ కాలపు స్పెయిన్ మతగురువు లాస్ కాసస్ తన చేత్తో రాసుకున్న సంగ్రహం. అందులో ‘ఆయన ఇలా అన్నాడు’ అని సాగేవి లాస్ కాసస్ మాటలు; ‘నేను’ అని ఉన్నచోట్ల కొలంబస్ మాటల్నే ఎత్తి రాశాడు. 1492 అక్టోబరు 12, 14 తేదీల్లో ఆ ‘నేను’ ఉంది: వీళ్లు (అక్కడి దీవివాసులు) మంచి సేవకులవుతారు, 50 మందితో అందరినీ లొంగదీసుకోవచ్చు. ఇవి నవర్రేతె పత్రాల్లో 1825 నుంచీ అచ్చులో ఉన్నవే.

1495లో, కొలంబస్ పాలించిన హిస్పానియోలా దీవి మూలవాసులైన తైనోలను 500 మందికి పైగా బానిసలుగా స్పెయిన్‌కు ఎక్కించారు. సుమారు 200 మంది సముద్రంలోనే చనిపోయారని ఆ ఓడల్లో ఉన్న మికేలె ద కూనెయో రాశాడు. దీవిలో బంగారం దొరికే చోట్ల మిగిలినవాళ్లలో 14 ఏళ్లు నిండినవాళ్లు మూడు నెలలకోసారి డేగ కాలి మువ్వ నిండా బంగారు రజను కట్టాలి. ఇర్వింగ్ వీటిని దాచలేదు. బానిసల రవాణా మచ్చేనన్నాడు, వెంటనే ఆనాటి ఆచారమని సర్దేశాడు. నేటి సమర్థకుల నోట వినిపించేదీ ఆ సర్దుబాటే.

అమెరికాలోని కొలంబస్ విగ్రహాలకు మరో మూలం ఉంది. 1891లో న్యూ ఆర్లీన్స్‌లో ఓ గుంపు 11 మంది ఇటాలియన్లను చంపింది. మరుసటి ఏడాదే న్యూయార్క్‌లో ఇటాలియన్లు చందాలతో కొలంబస్ విగ్రహం నిలబెట్టారు. వాళ్లకది పరువు సమస్య, అది న్యాయమైన బాధే.

1500లో కొలంబస్‌కు సంకెళ్లు వేయించిన, స్పెయిన్ రాజదంపతులు పంపిన విచారణాధికారి బోబదీయాను ఇర్వింగ్ దుర్మార్గుడిగా చిత్రించాడు. బోబదీయా విచారణలో సాక్షుల వాంగ్మూలాలున్న ప్రతి స్పెయిన్‌లోని సిమాంకాస్ పత్రాల భాండాగారంలో దొరికి, 2006లో అచ్చయింది. కొలంబస్ పాలనలో ఒక స్త్రీ నాలుక కోయించిన శిక్ష అందులో నమోదై ఉంది. సాక్షుల్లో ఆయన మనుషులూ ఉన్నారు.