సేఫ్ మనది, రెండో కోడ్ ఎవరిది?

అమెరికాలో ఇళ్లలో తుపాకులు దాచుకునే ఉక్కు పెట్టెల, అంటే గన్ సేఫ్‌ల గొడవ మళ్లీ రాజుకుంది. 2025 ఆగస్టులో లాస్ వెగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సమావేశంలో మార్క్ ఓమో, జేమ్స్ రౌలీ అనే ఇద్దరు భద్రతా పరిశోధకులు సెక్యూరామ్ కంపెనీ తయారుచేసే ప్రోలాజిక్ ఎలక్ట్రానిక్ తాళాన్ని యజమాని కోడ్ తెలియకుండానే తెరిచి చూపించారు. డ్రిల్ పెట్టలేదు, తలుపు వంచలేదు. ఈ తాళాలు ఒక్క కంపెనీ సేఫ్‌లకే పరిమితం కాదు. లిబర్టీ, ఫోర్ట్ నాక్స్ లాంటి పేరున్న గన్ సేఫ్‌ల మీదా ఉంటాయి, మందుల షాపుల్లో మత్తుమందులు దాచే పెట్టెల మీదా ఉంటాయి. అప్పటి నుంచి సేఫ్ కొన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు ఒకటే అడుగుతున్నారు: ఇప్పుడు ఏది కొనాలి, ఉన్నదాన్ని ఏం చేయాలి?

ఇంట్లో తుపాకీ ఉంచుకునే హక్కు, దానికి ఆధారమైన రాజ్యాంగం రెండో సవరణ, ఆ హక్కును ఖాయం చేసిన 2008 నాటి సుప్రీంకోర్టు తీర్పు, ఇవన్నీ ఎన్నోసార్లు చర్చకొచ్చినవే. వాటిలోకి మళ్లీ వెళ్లడం లేదు. నేటి గొడవ అర్థం కావాలంటే 2023 ఆగస్టు 30న జరిగిన ఒక్క సంఘటన తెలిస్తే చాలు.

ఆ రోజు ఎఫ్‌బీఐ అధికారులు ఆర్కాన్సా రాష్ట్రంలో ఒక ఇంటికి సోదా వారంటుతో వెళ్లారు. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం మీద జరిగిన దాడి కేసులో ఆ ఇంటాయన నిందితుడు. ఇంట్లో లిబర్టీ కంపెనీ గన్ సేఫ్ ఉంది. ఎఫ్‌బీఐ ఆ కంపెనీని సంప్రదించి, తమ దగ్గర వారంటు ఉందని చూపించి, సేఫ్ తెరిచే కోడ్ అడిగింది. కంపెనీ ఇచ్చేసింది.

వారం తిరక్కముందే విషయం సోషల్ మీడియాకెక్కింది. కోపం ఏ స్థాయిలో వచ్చిందంటే, యూటాలోని పేసన్‌లో ఉన్న ఆ కంపెనీ సేఫ్‌లను బహిష్కరించాలని తుపాకీ యజమానులే పిలుపునిచ్చారు. ఎన్నో ఏళ్లుగా 'మీ ఆస్తికి మా కాపలా' అన్న ధోరణిలో ప్రచారం చేసుకున్న కంపెనీకి, తన సొంత కొనుగోలుదారుల నుంచే ఇంత ఎదురుదెబ్బ ఊహించనిది.

ఈ కోపాన్ని ఒక రాజకీయ వర్గం చేసిన హడావిడిగా చాలామంది తీసిపారేశారు. నిందితుడు ఎవరు, ఏ పార్టీ మనిషి అన్నదాని చుట్టూనే టీవీ చర్చలు తిరిగాయి. కానీ నిందితుడిని పక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తేటగా కనిపిస్తుంది. ఆ వారంటు ఇంటిని సోదా చేయడానికి ఇచ్చింది. కంపెనీ తన రికార్డుల్లోంచి కోడ్ తీసి ఇవ్వాలని కోర్టు ఆదేశించలేదు. కంపెనీ తనంతట తాను, తన పద్ధతి ఇదేనంటూ ఇచ్చింది. ఇల్లు కట్టిన మేస్త్రీ తన దగ్గరో తాళంచెవి అట్టిపెట్టుకుని, ఎవరో వచ్చి కాగితం చూపిస్తే ఇంటివాళ్లకు చెప్పకుండా ఇచ్చేసినట్టు ఉంది ఇది. సేఫ్ కొన్నవాళ్లలో చాలామందికి అలాంటి రెండో కోడ్ ఒకటి ఉందనే అప్పటిదాకా తెలియదు.

కంపెనీ వాదన కూడా చెప్పాలి. వారంటు చెల్లుతుందని రుజువు అందాకే కోడ్ ఇచ్చామని, సేఫ్‌లో ఏముందో తమకు తెలియదని అంది. కోడ్ మర్చిపోయిన యజమానులకు సాయం చేయడానికే ఈ కోడ్‌లు దాచిపెడతామని వివరించింది. ఆ సాయం నిజంగా అవసరమైనవాళ్లు ఉన్నారు. తండ్రి చనిపోయాక కోడ్ తెలియని పిల్లలు, ఏళ్ల తర్వాత అంకెలు మర్చిపోయిన పెద్దవాళ్లు ఫోన్ చేస్తూనే ఉంటారు. ఎఫ్‌బీఐకి కోడ్ దొరక్కపోతే సేఫ్‌ను కోసి తెరిచేవారన్నదీ నిజమే. అయితే కోసి తెరిస్తే యజమానికి తెలుస్తుంది, కోర్టులో అడగడానికి ఆధారం మిగులుతుంది. కోడ్‌తో తెరిస్తే ఏ గుర్తూ ఉండదు.

వ్యతిరేకత తట్టుకోలేక కంపెనీ పద్ధతి మార్చింది. ఇకపై తమను చట్టపరంగా కట్టుబడేలా చేసే ఆదేశం ఉంటేనే కోడ్ ఇస్తామని, వద్దనుకున్నవాళ్లు అడిగితే తమ రికార్డుల్లోంచి వాళ్ల కోడ్ తీసేస్తామని ప్రకటించింది. గొడవ అక్కడితో సద్దుమణిగిందని అందరూ అనుకున్నారు. అది సద్దుమణగలేదు, అక్కడే మొదలైంది. కంపెనీ ఫైల్లో కోడ్ తీసేస్తే సరే, తాళంలో ఉన్న దారి సంగతేమిటి? ఓమో, రౌలీ ఈ తాళాల లోపలికి చూడటం మొదలుపెట్టడానికి కారణం ఈ సంఘటనేనని వాళ్లే చెప్పారు.

తాళం లోపలి బలహీనత కొత్త కథ కాదు. 2012లో ఇదే డెఫ్‌కాన్ వేదిక మీద మార్క్ వెబర్ టోబియాస్, టోబీ బ్లుజ్మానిస్ మంచం పక్కన పెట్టుకునే చిన్న గన్ సేఫ్‌లను తెరిచి చూపించారు. కొన్నిటిని కొన్ని అంగుళాలు ఎత్తి వదిలితే చాలు, లోపలి గొళ్లెం ఎగిరి తలుపు తెరుచుకుంది. కొన్నిటికి వంచిన తీగ ముక్క సరిపోయింది. వాళ్ల వీడియోలో మూడేళ్ల పిల్లవాడు కూడా తెరిచాడు. 2016లో ప్లోర్ అనే మారుపేరుతో వచ్చిన మరో పరిశోధకుడు సార్జెంట్ అండ్ గ్రీన్‌లీఫ్ కంపెనీ ఎలక్ట్రానిక్ తాళాన్ని ఎంచుకున్నాడు. బ్యాటరీ నుంచి తాళం తీసుకునే కరెంటులో వచ్చే చిన్న తేడాలను కొలిచి, లోపలి కోడ్‌ను అంకె అంకెగా చదివేశాడు. తాళం చెక్కుచెదరలేదు. అప్పట్లో వాటిని హ్యాకర్ల విన్యాసాలుగా చూసి వదిలేశారు. 2023 తర్వాత అలా వదిలేయడం కుదరలేదు.

ఎందుకంటే అదే ఏడాది అక్టోబరులో మరో దెబ్బ తగిలింది. ఫోర్ట్రెస్ కంపెనీ వేలిముద్రతో తెరుచుకునే గన్ సేఫ్‌లను దాదాపు 61,000 వెనక్కి పిలిచారు. అవి వేరే బ్రాండ్ల పేర్లతోనూ పెద్ద దుకాణాల్లో అమ్ముడయ్యాయి. 2022 జనవరిలో 12 ఏళ్ల అబ్బాయి అలాంటి సేఫ్‌లోంచి తీసిన తుపాకీతో చనిపోయాడని దాఖలైన కేసు ఈ నిర్ణయం వెనక ఉంది. లోపం ఎక్కడుందో చూడండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఆ సేఫ్ ఏ వేలు పెట్టినా తెరుచుకుంటుంది. కొన్నవాళ్లు తమ వేలిముద్ర ఎక్కించామనే అనుకుంటారు. వేలు పెడితే తెరుచుకుంటోంది కాబట్టి అనుమానం రాదు. నిజానికి సేఫ్ ఇంకా ఆ మొదటి స్థితిలోనే ఉంటుంది, ఇంట్లో ఎవరి వేలికైనా తెరుచుకుంటుంది. తండ్రి తాళం వేశాననుకుంటాడు, పిల్లవాడికి అది తెరిచిన పెట్టె. ఈ విషయం తలుచుకుంటేనే గుండె బరువెక్కుతుంది. ఆ అబ్బాయి ఇంట్లోవాళ్లు నిర్లక్ష్యంగా తుపాకీ బయట వదిలేసినవాళ్లు కారు, సేఫ్ కొన్నవాళ్లు.

సేఫ్ ఉండటం వేరు, తాళం పడటం వేరు అని మిషిగన్ కోర్టు కూడా విన్నది. 2021 నవంబరు 30న ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో పదిహేనేళ్ల విద్యార్థి కాల్పులు జరిపి నలుగురు విద్యార్థుల ప్రాణాలు తీశాడు. వాళ్ల నిర్లక్ష్యం ఆ మరణాలకు కారణమైందని 2024లో అతని తల్లిదండ్రులిద్దరినీ కోర్టులు దోషులుగా తేల్చాయి. ఇద్దరికీ 10 నుంచి 15 ఏళ్ల జైలు పడింది. ఆ ఇంట్లో మిగతా తుపాకులున్న సేఫ్ కోడ్ మూడు సున్నాలు, అంటే ఫ్యాక్టరీలో పెట్టిన కోడే. కాల్పులకు వాడిన పిస్టల్‌తో వచ్చిన కేబుల్ తాళం ప్యాకెట్ కూడా విప్పలేదు. 2005 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సున్న డీలరు ప్రతి చేతితుపాకీతో పాటు తాళమో, దాచే పరికరమో ఇవ్వాలి. కానీ దాన్ని వాడాలని ఆ చట్టం ఎవరినీ బలవంతపెట్టదు. మైనర్లు ఉండే ఇళ్లలో తుపాకీకి తాళం వేయాలన్న మిషిగన్ రాష్ట్ర చట్టం 2024 ఫిబ్రవరి 13న అమల్లోకి వచ్చింది, ఆ నలుగురు పిల్లలు పోయిన రెండేళ్లకు పైగా గడిచాక. ఇలాంటి చట్టం ఫ్లోరిడాలో 1989 నుంచే ఉంది.

అంటే ప్రభుత్వాలు తాళం వేయకపోతే జైలు అంటున్నాయి. మరి ఆ తాళం మాటేమిటి?

2024 మార్చిలో సెనేటర్ రాన్ వైడెన్ విదేశీ గూఢచర్యాన్ని అడ్డుకునే అమెరికా కౌంటర్ ఇంటెలిజెన్స్ విభాగానికి రాసిన లేఖ ఈ ప్రశ్నను నేరుగా అడిగింది. చైనా యాజమాన్యంలోని సెక్యూరామ్ తాళాల్లో యజమాని కోడ్ లేకుండానే తెరవడానికి తయారీదారు వాడుకోగల రీసెట్ కోడ్‌లు ఉన్నాయని, ప్రజలను హెచ్చరించాలని కోరాడు. అంతకంటే బాధ కలిగించే మాట ఇంకొకటి ఆ లేఖలో ఉంది. ఇలాంటి కోడ్‌ల ముప్పు రక్షణ శాఖకు ముందే తెలుసు. అందుకే ప్రభుత్వ రహస్యాలు దాచే సేఫ్‌లకు ఆ తాళాలను అనుమతించదు. కానీ మామూలు జనానికి ఆ సంగతి చెప్పలేదు. ప్రభుత్వ ఫైళ్లకు పనికిరాని తాళం, పిల్లలున్న ఇంట్లో తుపాకీకి పనికొస్తుందని ఎలా అనుకున్నారో ఎవరూ జవాబు చెప్పలేదు.

ఓమో, రౌలీ పని ఈ లేఖకు రుజువు లాంటిది. వాళ్ల మొదటి పద్ధతి సెక్యూరామ్ సొంత రీసెట్ ఏర్పాటునే వాడుకుంటుంది. కోడ్ పోయినప్పుడు తాళాలు తీసే నిపుణుడు తాళం తెరమీద కనిపించే అంకెను కంపెనీకి ఫోన్లో చెబుతాడు, కంపెనీ లెక్కగట్టి జవాబు కోడ్ ఇస్తుంది. ఆ లెక్క చేయడానికి కావలసిందంతా తాళంలోనే ఉందని వీళ్లు కనిపెట్టారు. అంటే కంపెనీకి ఫోన్ చేయనక్కర్లేదు, ప్రత్యేక పరికరమూ అక్కర్లేదు. రెండో పద్ధతిలో బ్యాటరీ పెట్టే చోట దాగి ఉన్న ఒక పోర్టుకు చిన్న పరికరం తగిలించి కోడ్‌నే బయటికి లాగారు. దొంగలు వాడుకోకుండా పూర్తి వివరాలు మాత్రం బయటపెట్టలేదు. 2024లోనే కంపెనీకి విషయం చెప్పారు. కంపెనీ వైపు నుంచి వచ్చింది చట్టపరమైన చర్య తప్పదన్న హెచ్చరిక.

సెక్యూరామ్ చెప్పేది క్లుప్తంగా ఇది: ఈ లోపాలు వృత్తిలో ఉన్నవాళ్లకు ముందే తెలుసు, వేరే కంపెనీల తాళాల్లోనూ ఉన్నాయి, ఇలా తెరవాలంటే ప్రత్యేక నైపుణ్యం కావాలి, ఇంతవరకు ఒక్క కస్టమర్ సేఫ్ కూడా ఇలా తెరిచినట్టు తమ దగ్గర నమోదు కాలేదు. కొత్తగా తయారయ్యే తాళాల్లో సరిచేస్తామంది. ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి సాఫ్ట్‌వేర్ సవరణ ఇవ్వబోమని, కావాలంటే కొత్త తాళం కొనుక్కోవచ్చని అంది. కానీ గుర్తు మిగలకుండా తెరుచుకునే తాళం గురించి 'ఎవరూ తెరిచినట్టు నమోదు కాలేదు' అనడం ఏ యజమానికీ ధైర్యం ఇవ్వదు.

ఇక కొనేవాళ్ల సంగతి. దుకాణంలో సేల్స్‌మన్ ముందుగా చూపించేది ఉక్కు మందం, నిప్పు తట్టుకునే నిమిషాలు, బోల్టుల సంఖ్య. అవీ ముఖ్యమే. కాలిఫోర్నియా ప్రమాణం ప్రకారం ఒకే గోడ ఉన్న గన్ సేఫ్‌కు కనీసం 12 గేజ్ (ఉక్కు రేకు మందం కొలత) ఉక్కు, అర అంగుళం మందం గల మూడు బోల్టులు, కనీసం 10,000 కాంబినేషన్లు వచ్చే తాళం, దాని ముందు డ్రిల్ దిగని గట్టి పలక ఉండాలి. వస్తువుల భద్రతను పరీక్షించే యూఎల్ సంస్థ ఇచ్చే ఇంటి సేఫ్ ముద్ర మొదటి స్థాయికి అర్థం, ఒక మనిషి సుత్తి, గడ్డపలుగు లాంటి మామూలు పనిముట్లతో ఐదు నిమిషాలు ప్రయత్నించినా తెరుచుకోలేదని. ఐదు నిమిషాలే, గుర్తుపెట్టుకోవాలి. అందుకే ఎంత బరువున్న సేఫ్‌నైనా నేలకో గోడకో బిగించాలి. వెల్లకిలా పడేసి పలుగు పెడితే పని చాలా తేలికవుతుంది, చిన్నదైతే మోసుకునే పోతారు.

అయితే ఈ లెక్కలేవీ తయారీదారు దగ్గర మరో దారి ఉందో లేదో చెప్పవు. కొనేముందు అడగాల్సింది అది. ఈ తాళానికి తయారీదారు రీసెట్ ఉందా? ఉంటే దాన్ని పూర్తిగా ఆపేయొచ్చా? నా సీరియల్ నంబరుతో ఎవరైనా కోడ్ తెప్పించుకోగలరా? సూటిగా జవాబు చెప్పని చోట కొనకపోవడమే మేలు. నేనైతే పాత పద్ధతి తిప్పుడు డయల్ తాళాన్నే ఎంచుకోమంటాను. దానికి బ్యాటరీ ఉండదు, సాఫ్ట్‌వేర్ ఉండదు. తెరవడానికి అర నిమిషం పైనే పడుతుందన్న మాట నిజమే, అర్ధరాత్రి దొంగ వస్తే టెన్షన్‌లో అంకెలు తప్పుతాయన్న భయమూ నిజమే. కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కాంబినేషన్‌ను మార్పించుకుంటే, ఆ కొత్త అంకెలు కంపెనీ దగ్గర ఉండవు. వేలిముద్ర సేఫ్ కొంటే మాత్రం, ముద్ర ఎక్కించాక ఇంట్లో మరొకరి వేలు పెట్టి చూడాలి. అది తెరుచుకుంటే తుపాకీ అందులో పెట్టకూడదు.

డాలస్, అట్లాంటా, న్యూజెర్సీల్లోని మన తెలుగు కుటుంబాలకు కూడా ఇది దూరపు కబురు కాదు. భారతీయుల ఇళ్లలో బంగారం ఉంటుందని గురిపెట్టి జరిగిన దొంగతనాల మీద అక్కడి పోలీసులు చాలాసార్లు హెచ్చరించారు. నగలు, పాస్‌పోర్టులు, ఇంటి కాగితాలు దాచడానికి చాలామంది కొనేది ఇవే సేఫ్‌లు, ఇవే తాళాలు. తుపాకీ లేకపోయినా రెండో కోడ్ సమస్య వాళ్లదీ అవుతుంది.

ఇప్పటికే ప్రోలాజిక్ తాళం ఉన్నవాళ్లకు సేఫ్ మొత్తం మార్చే అవసరం చాలావరకు రాదు. సేఫ్ తాళాలు బిగించే రంధ్రాల కొలత ఎక్కువ కంపెనీల్లో ఒకటే. కాబట్టి తాళాలు తీసే నిపుణుడు ఎలక్ట్రానిక్ తాళం విప్పేసి అదే చోట డయల్ తాళం బిగించగలడు. ఆ ఖర్చు ప్రస్తుతానికి యజమానిదే. తయారీదారు లోపానికి కొన్నవాళ్లు ఎందుకు డబ్బు కట్టాలన్న ప్రశ్నకు సెక్యూరామ్ గానీ, ఆ తాళాలు పెట్టి సేఫ్‌లు అమ్మిన కంపెనీలు గానీ జవాబు చెప్పాల్సి ఉంది.