గింజెత్తు లాగుడు: ఉపగ్రహాల నిలకడ వెనక గురుత్వం కథ

యూరప్ అంతరిక్ష సంస్థ ప్రయోగించిన ఎన్విశాట్ 2012 ఏప్రిల్ 8న ఉన్నట్టుండి మూగబోయింది. ఎనిమిది టన్నుల ఆ భారీ ఉపగ్రహం ఇప్పటికీ పైనే తిరుగుతోంది. 2013లో నేల నుంచి లేజర్ కిరణాలు పంపి కొలిస్తే, అది 134.74 సెకన్లకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతున్నట్టు తేలింది. ఆ చుట్టుకు పట్టే సమయం రోజుకు 36.7 మిల్లీసెకన్ల చొప్పున పెరుగుతూ ఉంది, అంటే తిరుగుడు మెల్లగా నెమ్మదిస్తోంది. ఇలాంటి చచ్చిన ఉపగ్రహాలను రోబో చేత్తో పట్టి కిందికి దించాలన్న ఆలోచన వచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న ఎదురవుతుంది: చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం మనకు చూపిస్తూ నిలిచిపోయినట్టు, ఇవి కూడా కొన్నాళ్లకు వాటంతట అవే భూమివైపు తిరిగి నిలబడవా? గురుత్వాకర్షణ ఆ పని చేసిపెట్టదా?

చేస్తుంది, షరతులతో. ఆ షరతులు ఏమిటో ఉపగ్రహాల ఇంజనీర్లు దెబ్బతిని తెలుసుకున్నారు.

లెక్క మాత్రం ఉపగ్రహాలకంటే చాలా పాతది. మన పంచాంగాల్లో అయనాంశ అని ఒక అంకె వేస్తారు, ఇప్పుడది సుమారు 24 డిగ్రీలు. భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బును సూర్యచంద్రులు ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా లాగడంతో భూమి అక్షం బొంగరం తలలా మెల్లగా చుట్టు తిరుగుతుంది. ఒక చుట్టుకు దాదాపు 26,000 ఏళ్లు. ఆ జరుగుడే అయనాంశగా పోగవుతుంది. 1687లో న్యూటన్ దీనికి కారణం చెప్పాడు, 1749లో దాలంబేర్ గణితం సరిచేశాడు. చంద్రుడి ముఖం ఎందుకు నిలిచి ఉంటుందో, నిలిచీ ఎందుకు కాస్త అటూ ఇటూ ఊగుతుందో 1764లో లగ్రాంజ్ పారిస్ అకాడమీ బహుమతి వ్యాసంలో విడమరిచాడు. ఉపగ్రహాల వాళ్లు ఇప్పటికీ వాడేది ఆ సమీకరణాలనే.

విషయం ఇది. గురుత్వం దూరంతో తగ్గుతుంది కాబట్టి ఉపగ్రహంలో భూమికి దగ్గరగా ఉన్న కొసను కొంచెం ఎక్కువగా, దూరంగా ఉన్న కొసను కొంచెం తక్కువగా లాగుతుంది. కక్ష్యలో తిరగడం వల్ల పై కొస బయటికి విసురుకుంటుంది కూడా. ఈ రెండూ కలిసి పొడవాటి వస్తువును నిలువుగా నిలబెట్టాలని చూస్తాయి. ఎంత బలంతో? 750 కిలోమీటర్ల ఎత్తున, 60 కిలోల ఉపగ్రహానికి 30 మీటర్ల సన్నటి బూమ్ (బయటికి చాచే పొడవాటి కడ్డీ) తగిలించి, దాని కొసన 2 కిలోల బరువు పెట్టామనుకుందాం. ఆ 30 మీటర్ల మధ్య గురుత్వంలో తేడా పది లక్షల్లో ఎనిమిది వంతులకు కాస్త ఎక్కువ. కొసన ఉన్న 2 కిలోల ముద్ద బూమ్‌ను లాగే బలం 0.2 మిల్లీన్యూటన్లు. నేలమీద ఒక్క బియ్యపు గింజ అరచేతిలో పెట్టే బరువు అంతే. ఉపగ్రహం నిలువు నుంచి 5 డిగ్రీలు వాలితే దాన్ని వెనక్కి తెచ్చే టార్క్ (తిప్పే బలం) 0.5 మిల్లీన్యూటన్-మీటర్లు, అంటే మీటరు పొడవు పుల్ల చివర రెండు మూడు గింజలు పెట్టినంత.

నవ్వొచ్చేంత చిన్నది. కానీ కక్ష్యలో పోటీకి వచ్చేవి కూడా ఇంతంతే: సూర్యకాంతి ఒత్తిడి, అరకొర గాలి రాపిడి, ఉపగ్రహంలోని విద్యుత్తు వల్ల పుట్టే అయస్కాంతత్వం మీద భూమి అయస్కాంత క్షేత్రం చేసే తాకిడి. వీటిని మించితే చాలు. బూమ్ లేకుండా పెట్టెలా ఉన్న ఉపగ్రహానికి ఈ పట్టు వెయ్యి వంతులకు పైగా తగ్గిపోతుంది. అన్ని వైపులా జడత్వం (తిప్పబోతే వస్తువు మొరాయించే గుణం) సమంగా ఉంటే పట్టు సున్నా. బరువెంతన్నది కాదు, ఆ బరువు ఏ దిక్కున ఎంత దూరం పరుచుకుందన్నదే లెక్క.

ఈ టార్క్ మీద ఆధారపడాలన్న ఆలోచన కంటే ముందు వచ్చింది బొంగరం ఆలోచన. తిప్పి వదిలేస్తే అక్షం కదలదు కదా. 1958లో అమెరికా తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1ను అలాగే వదిలారు. రెండు మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల లావు ఉన్న గొట్టం, దాని నిలువు అక్షం మీద నిమిషానికి 750 చుట్లు. మొదటి చుట్టు పూర్తయ్యే లోపే అది అడ్డంగా దొర్లడం మొదలుపెట్టింది. కారణం గురుత్వం కాదు, పక్కలకు పొడుచుకొచ్చిన నాలుగు మెత్తటి తీగల యాంటెన్నాలు. అవి ఊగి వంగినప్పుడల్లా కాస్త శక్తి వేడిగా మారి పోయింది. బయటి నుంచి ఎవరూ తిప్పనప్పుడు కోణీయ ద్రవ్యవేగం (జడత్వాన్ని తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేది) మారదు, శక్తి మాత్రం తగ్గుతుంది. అలాంటప్పుడు వస్తువుకు మిగిలే దారి ఒక్కటే, జడత్వం అత్యధికంగా ఉన్న అక్షం మీదికి మళ్లడం. ఏకరీతి కడ్డీగా లెక్క కడితే నిమిషానికి 750 చుట్లు చివరికి ఆరు చుట్లకు వస్తాయి, తిరుగుడు శక్తిలో 99 శాతం ఎగిరిపోతుంది. ఆ దెబ్బతో బొంగరాల్లా తిప్పే ఉపగ్రహాలు పెన్సిల్ ఆకారం వదిలి డబ్బా ఆకారానికి వచ్చాయి.

డబ్బా ఆకారంలో 1960 ఏప్రిల్ 1న వెళ్లిన వాతావరణ ఉపగ్రహం టైరోస్-1 దొర్లలేదు కానీ, దాని అక్షం ఉన్నచోట ఉండలేదు. నిమిషానికి పది చుట్లు తిరిగే డబ్బాను 700 కిలోమీటర్ల ఎత్తున వదిలితే, గురుత్వ టార్క్ ఒక్కటే అక్షాన్ని రోజుకు డిగ్రీ రెండు డిగ్రీలు జరపగలదు. అయనాంశ కథే, 26,000 ఏళ్లకు బదులు నెలల్లో. టైరోస్ విషయంలో గురుత్వంతో పాటు ఉపగ్రహంలో మిగిలిన అయస్కాంతత్వం ఇంకా ఎక్కువగా తిప్పిందని విశ్లేషణలో బయటపడింది. తర్వాతి టైరోస్ నుంచి నడుము చుట్టూ ఒక తీగచుట్ట వేసి, విద్యుత్తు పంపి, అదే అయస్కాంతపు తాకిడితో అక్షాన్ని కావలసిన దిక్కుకు జరపడం నేర్చుకున్నారు. తప్పును పనిముట్టుగా మార్చుకోవడం ఈ రంగంలో తరచు కనిపించేదే.

అసలు గురుత్వాన్నే ఆధారం చేసుకున్నది ఓడలకు తామెక్కడున్నదీ తెలిపే అమెరికా నౌకాదళం ట్రాన్సిట్ ఉపగ్రహాల కోసం జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం అనువర్తిత భౌతిక ప్రయోగశాల. ఆ ఉపగ్రహాలకు కావలసింది యాంటెన్నా ఎప్పుడూ కిందికి చూడటం. అయిదారు డిగ్రీలు అటూ ఇటూ అయినా నష్టం లేదు. 1961 నవంబరులో వెళ్లిన ట్రాక్ అనే ప్రయోగం బూమ్ బయటికి రాక విఫలమైంది. 1963 జూన్‌లో వెళ్లిన ట్రాన్సిట్ 5ఎ-3లో 30 మీటర్ల బూమ్ చక్కగా చాచుకుంది. గురుత్వంతో భూమికేసి నిలబడిన తొలి ఉపగ్రహం అదే.

ఆ పని జరిగిన వరస చూడదగ్గది. మొదట రాకెట్ ఇచ్చిన తిరుగుడును తీసెయ్యాలి. తాళ్లకు కట్టిన బరువులను బయటికి విసిరి చాలావరకు తీసేస్తారు. మిగిలినదాన్ని ఇనుప మిశ్రమం కడ్డీలు భూ అయస్కాంత క్షేత్రంలో అటూ ఇటూ అయస్కాంతీకరణ చెందుతూ వేడిగా మార్చేస్తాయి. తర్వాత లోపలి విద్యుదయస్కాంతాన్ని ఆన్ చేస్తారు, ఉపగ్రహం దిక్సూచి ముల్లులా క్షేత్రం వెంట నిలుస్తుంది. మేరీల్యాండ్‌లో నేలకేంద్రం మీదుగా వెళ్లేటప్పుడు క్షేత్రరేఖలు దాదాపు నిలువుగా ఉంటాయి కాబట్టి సరైన ముఖం కిందికి వస్తుంది. సరిగ్గా అప్పుడు బూమ్ చాచమని ఆదేశం పంపుతారు, అయస్కాంతం ఆపేస్తారు. జడత్వం ఒక్కసారిగా వందల రెట్లు పెరిగి, మిగిలిన కొద్ది తిరుగుడూ ఆ మేరకు తగ్గిపోతుంది. ఈ కంగారంతా ఎందుకంటే గురుత్వానికి పైనా కిందా తేడా తెలియదు. తలకిందులుగా చిక్కితే తలకిందులుగానే అంతే గట్టిగా పట్టుకుంటుంది.

గురుత్వానికి మరో లోపం, ఊపు ఆపడం రాదు. ఉయ్యాలను మధ్యకు లాగుతుంది, కానీ ఆగనివ్వదు. 750 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యకు 100 నిమిషాలు పడితే, బూమ్ ఉన్న ఉపగ్రహం కక్ష్య తలంలో 58 నిమిషాలకో ఊపు, పక్కకు 50 నిమిషాలకో ఊపు ఊగుతూనే ఉంటుంది. ట్రాన్సిట్ ఇంజనీర్లు బూమ్ కొసన ఒక స్ప్రింగు పెట్టారు. ఊగినప్పుడు లాగే బలం మారి స్ప్రింగు సాగుతుంది, ముడుచుకుంటుంది. దాని తీగ మీద పూసిన మెత్తటి కాడ్మియం ఆ కదలికను వేడిగా మింగేస్తుంది. గింజ బరువుకు సాగాల్సిన స్ప్రింగు కాబట్టి నేలమీద తన బరువును తానే మొయ్యలేదు. అందుకని దాన్ని బైఫినైల్ అనే ఘన పదార్థంలో పొదిగి పంపారు. శూన్యంలో అది కర్పూరంలా హరించుకుపోయి స్ప్రింగును వదిలేస్తుంది. ఈ రంగంలో నాకు నచ్చిన యంత్రభాగం ఏదంటే ఇదే చెబుతాను.

ఈ విజయం చూసి అందరూ పైకి ఆశపడ్డారు. కానీ గురుత్వ టార్క్ భూకేంద్రం నుంచి దూరం ఘనంతో పడిపోతుంది. ఉపగ్రహం ఎప్పుడూ నేలమీద ఒకే చోటికి పైన ఉన్నట్టు కనిపించే భూస్థిర కక్ష్యలో, 750 కిలోమీటర్ల ఎత్తుతో పోలిస్తే 200 రెట్లు తక్కువ. సూర్యకాంతి ఒత్తిడి మాత్రం తగ్గదు. కొత్త పద్ధతులను పరీక్షించే అమెరికా ఏటీఎస్ ఉపగ్రహాల వరసకు ఈ ప్రయోగం అచ్చిరాలేదు. 1967 ఏప్రిల్‌లో ఏటీఎస్-2 రాకెట్ పై అంచె రెండోసారి మండక సాగదీసిన కక్ష్యలో పడింది. కోడిగుడ్డు కక్ష్యలో వేగం, టార్క్ రెండూ క్షణక్షణం మారుతుంటే బూమ్‌లు ఏమీ చెయ్యలేక ఉపగ్రహం దొర్లిపోయింది. 1968లో ఏటీఎస్-4ది కూడా రాకెట్ సమస్యే. 1969 ఆగస్టులో ఏటీఎస్-5 కక్ష్య చేరింది గానీ, లోపల వేడిని మోసే గొట్టాల్లో ద్రవం కదిలి శక్తి పోగొట్టుకుని ఎక్స్‌ప్లోరర్-1 లాగే అక్షం మార్చుకుంది. ఖాళీ అయిన రాకెట్ మోటారును విడిచేశాక సరైన అక్షం మీదికి వచ్చినా, తిరుగుతున్నది అవతలి దిక్కుకు. ఆ తిరుగుడుతో బూమ్‌లు చాచే వీల్లేదు. అదే కాలంలో 33,000 కిలోమీటర్ల పైన పది బూమ్‌లతో వెళ్లిన డాడ్జ్ అనే ప్రయోగ ఉపగ్రహం, ఒక్కొక్కటి 229 మీటర్ల నాలుగు యాంటెన్నాలతో 1968లో వెళ్లిన రేడియో ఖగోళ ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-38 మాత్రం గురుత్వంతోనే నిలిచాయి.

బూమ్‌ల అసలు శత్రువు ఎండ. బెరీలియం-రాగి రేకును టేపులా చుట్టి ఉంచుతారు. బయటికి వస్తూ అది గొట్టంలా ముడుచుకుంటుంది. ఎండ తగిలిన వైపు వేడెక్కి వ్యాకోచించి గొట్టం అవతలికి వంగుతుంది. నీడలోకి వెళ్లగానే నిటారవుతుంది. అంచులు ఒకదానిపై ఒకటి పడి ఉంటాయే తప్ప అతుక్కోవు కాబట్టి మెలికకు నిలవదు. వంగడం, మెలిపడటం ఒకదాన్నొకటి రేపుకుంటూ 1967లో ఓజీవో-4 అనే పరిశోధన ఉపగ్రహం మీద 18 మీటర్ల యాంటెన్నా కొట్టుకోవడం మొదలైంది. తర్వాత రేకుకు వెండి పూత వేశారు, సన్నటి రంధ్రాలు చేసి ఎండ అవతలి గోడను కూడా తాకేలా చూశారు, అంచులకు పళ్లు పెట్టి కలిపారు. అయినా తీరలేదు. 1986లో వెళ్లిన పోలార్ బేర్ ఉపగ్రహం 1987లో పూర్తిగా ఎండలోనే ఉండే కక్ష్యాకాలం మొదలయ్యాక ఊగి ఊగి, మే నెలలో తలకిందులై అక్కడే స్థిరపడింది. లోపలి చక్రం వేగాన్ని మార్చి మళ్లీ తిప్పి నిలబెట్టాల్సి వచ్చింది. అన్నట్టు, అది కొత్తగా కట్టింది కాదు. స్మిత్సోనియన్ మ్యూజియంలో వేలాడదీసిన పాత ట్రాన్సిట్‌ను దించి వాడుకున్నారు.

పెద్ద నిర్మాణాలకు ఇదే టార్క్ తలనొప్పి. 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ సూర్యుడికి ఎదురుగా నిలబడాలి, గురుత్వం మాత్రం దాన్ని నిలువుకు తిప్పాలంటుంది. ఆ లాగుడును మూడు భారీ గైరోచక్రాలు (వేగంగా తిరుగుతూ, అక్షం వాల్చినప్పుడు కేంద్రాన్ని తిప్పే చక్రాలు) మింగేవి. నిండిపోయాక, రాత్రివైపు వెళ్లినప్పుడు స్టేషన్‌ను కావాలని ఒక పక్కకు వాల్చి, అదే గురుత్వంతో చక్రాలను ఖాళీ చేసేవారు. ఇంధనం ఖర్చు లేని పని. 1974 ఫిబ్రవరిలో చివరి బృందం వచ్చేస్తూ దాన్ని గురుత్వ దిశలోనే నిలిపి వచ్చింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఇప్పటికీ నాలుగు గైరోచక్రాలు నిమిషానికి 6,600 చుట్లతో తిరుగుతూ ఇదే బరువు మోస్తాయి. కొత్త భాగం అతికినప్పుడల్లా జడత్వం మారి, గురుత్వం, గాలి రాపిడి సరితూగే కోణాన్ని మళ్లీ లెక్కకట్టాల్సి వస్తుంది.

ఫోటోలు తీసే ఉపగ్రహాలకు డిగ్రీలో వందో వంతు గురి కావాలి. అయిదు డిగ్రీల ఊగిసలాట వాటికి పనికిరాదు. అందుకే బూమ్‌లు పోయి రియాక్షన్ వీల్స్ (వేగం మార్చి ఉపగ్రహాన్ని తిప్పే చక్రాలు), అయస్కాంత కడ్డీలు వచ్చాయి. గురుత్వం నియంత్రణ విభాగం వాళ్ల పట్టికలో ఓర్చుకోవాల్సిన టార్క్‌ల వరసలో ఒకటిగా మిగిలింది.

ఇక ఎన్విశాట్ సంగతి. ఆ ఎత్తున గురుత్వం ఒక వస్తువును పట్టి నిలపాలంటే దాని తిరుగుడు, కక్ష్యతో పోల్చి చూసినప్పుడు, సెకనుకు 0.1 డిగ్రీ లోపలికి రావాలి. అది కూడా కడ్డీలాంటి ఆకారానికి, లావుపాటి వాటికి ఇంకా తక్కువ. 2013లో ఎన్విశాట్ తిరుగుడు సెకనుకు 2.67 డిగ్రీలు. వేగంలో 26 రెట్లు, శక్తిలో 650 రెట్లకు పైనే. అందాకా ఆ చిన్న లాగుడు దాని అక్షాన్ని మెల్లగా జరుపుతుందే తప్ప ఆపలేదు. ఆపే పని చేస్తున్నది భూ అయస్కాంత క్షేత్రం, ఉపగ్రహం లోహపు గోడల్లో సుడి విద్యుత్తు పుట్టించి. 0.1 డిగ్రీకి చేరేదాకా గురుత్వం వంతు రాదు. వచ్చినప్పుడు కూడా ఏ కొస కిందికి వస్తుందో ముందే చెప్పడానికి వీల్లేదు.