ల్యాప్‌టాప్‌కు వచ్చే ఐపీవీ6 అడ్రస్ ఫోనుకు ఎందుకు రాదు?

విజయవాడలోనో గుంటూరులోనో ఒక కాలేజీ హాస్టల్ వై-ఫైలో ఐపీవీ6 (128 బిట్ల ఇంటర్నెట్ అడ్రస్‌ల పద్ధతి) ఆన్ చేసి, అడ్రస్‌లు డీహెచ్‌సీపీవీ6 (సర్వర్ అడ్రస్‌లు పంచే పద్ధతి) నుంచే ఇవ్వాలని పెట్టారనుకోండి. విండోస్ ల్యాప్‌టాప్‌లకు అడ్రస్ వస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్లకు రాదు. పక్కన పాత పద్ధతి ఐపీవీ4 నడుస్తుంటుంది కాబట్టి చాలాకాలం ఎవరికీ తెలియదు కూడా. రూటర్‌లో లోపమేమీ లేదు, ఇది పాత తగాదా.

ఐపీవీ4 కోసం డీహెచ్‌సీపీ 1993లో వచ్చింది. సర్వరే అడ్రస్ ఇస్తుంది, ఏ మాక్‌కు (పరికరం హార్డ్‌వేర్ నంబరుకు) ఏది ఇచ్చిందో రాసుకుంటుంది. ఐపీవీ6లో 1996కే వేరే దారి తీశారు: రూటర్ ప్రిఫిక్స్ (అడ్రస్ ముందు భాగం) ప్రకటిస్తే, మిగతా 64 బిట్లు పరికరమే కల్పించుకుంటుంది. ఇదే స్లాక్ (SLAAC). మొదట్లో ఆ బిట్లను మాక్ నుంచి తీసేవారు, దాంతో పరికరం ఏ నెట్‌వర్క్‌కు వెళ్లినా ఆనవాలు దొరికేది. అందుకని 2001లో మారిపోయే తాత్కాలిక అడ్రస్‌లు తెచ్చారు. లాగ్‌లు (ఎవరు ఏ అడ్రస్ వాడారన్న రికార్డులు) చూసేవాళ్లకు తలనొప్పి అక్కడే మొదలైంది.

స్లాక్ డీఎన్‌ఎస్ సర్వర్ (సైట్ పేరుకు అడ్రస్ వెతికిచ్చేది) అడ్రస్ చెప్పలేకపోయేది. 2003 నాటి డీహెచ్‌సీపీవీ6 ఆ పనీ చేసింది, అడ్రస్‌లూ ఇచ్చింది. రూటర్ ప్రకటనలోనే డీఎన్‌ఎస్ చెప్పడం 2010కి ప్రమాణమైనా, విండోస్ దాన్ని అందుకున్నది 2017లో. ఆండ్రాయిడ్ మాత్రం డీహెచ్‌సీపీవీ6 అడ్రస్‌లు తీసుకోనని భీష్మించుకుంది. సర్వర్ ఒక్క అడ్రసే ఇస్తే హాట్‌స్పాట్ లాంటివాటికి మళ్లీ నాట్ (ఒకే అడ్రస్‌ను పలు పరికరాలు పంచుకోవడం) తప్పదన్నది వారి వాదన. అందులో న్యాయముంది.

కాబట్టి ఫోన్లున్న నెట్‌వర్క్‌లో స్లాక్ తప్పదు. ప్రిఫిక్స్ కచ్చితంగా /64 (అంటే 64 బిట్ల పొడవు) ఉండాలి, /120 పెడితే స్లాక్ పనిచేయదు. రూటర్ ప్రకటనలో చాలామంది ఎం (M) ఫ్లాగ్ ఒక్కటే చూస్తారు, అది అడ్రస్‌ను డీహెచ్‌సీపీవీ6 నుంచి తీసుకోమనేది. స్లాక్‌ను నడిపేది ప్రిఫిక్స్‌తో పాటు వెళ్లే 'A' ఫ్లాగ్, అది 1 కావాలి. ఎం 0, ఓ (O, డీఎన్‌ఎస్ లాంటి మిగతా వివరాలు డీహెచ్‌సీపీవీ6 నుంచి తీసుకోమనేది) 1 పెట్టి, డీఎన్‌ఎస్‌ను రెండు దారుల్లోనూ ఇవ్వండి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాలు లాగ్‌లు 180 రోజులు ఉంచమంటాయి. దానికి డీహెచ్‌సీపీ సర్వరే అక్కర్లేదు, గేట్‌వే (రూటర్) నైబర్ టేబుల్‌ను, అంటే అడ్రస్‌లూ వాటి మాక్‌లూ ఉండే జాబితాను, కొన్ని నిమిషాలకోసారి టైముతో సహా సేవ్ చేస్తే ఏ మాక్ ఏ అడ్రస్ వాడిందో దొరుకుతుంది.

2024లో మూడో దారిని వివరిస్తూ ఒక ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) వచ్చింది: ఒక్కో పరికరానికి ఒక్కో /64. ఐఎస్‌పీ ఇచ్చింది /56 అయితే అందులో ఉండే /64లు 256 మాత్రమే. 300 ఫోన్ల హాస్టల్‌కు అవి చాలవు, /48 అడగాలి.