మేడ మీద సోలార్: అపోహలు - వాస్తవాలు

ప్యానెళ్లు బిగించడం, పాత ఇన్వర్టర్లు విప్పి చూడడం నాకు ఉద్యోగం కాదు, వ్యసనం. అందుకని మా వీధిలో సోలార్ పెట్టించాలనుకున్నవాళ్లు ముందు మా గుమ్మం ఎక్కుతారు. వాళ్ల నోట తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: రోహిణి కార్తె ఎండలకు కరెంటు కుమ్మేస్తుంది

ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. దాని వెనక రాసి ఉండే వాట్లు సెల్ (ప్యానెల్‌లో కనిపించే ఒక్కో గడి) ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పటి లెక్క. ఆపైన ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం దాకా పడిపోతుంది. మే మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరడం మామూలే, వెనక చెయ్యి ఆనించలేం. అంటే 540 వాట్ల ప్యానెల్ ఒక్క వేడి వల్లే 460 దగ్గరికి జారుతుంది. ఆకాశం తేటగా, గాలి చల్లగా ఉన్న ఫిబ్రవరిలో ఇంతకంటే మంచి రీడింగులు చూస్తాం. కాబట్టి రేకులకు అంటుకుపోయేలా బిగిస్తానంటే ఒప్పుకోకండి. కింద గాలి ఆడాలి.

అపోహ: కాస్త నీడ పడితే కాస్తే పోతుంది

ఇది చేసి చూడాల్సిందే. నడి ఎండలో ఒక ప్యానెల్ కింది వరసలో ఒకే ఒక్క సెల్‌కు అట్టముక్క అడ్డం పెట్టండి. కప్పింది ప్యానెల్‌లో ఒకటిన్నర శాతం కూడా ఉండదు, కానీ ఆ ప్యానెల్ ఇచ్చే దాంట్లో దాదాపు మూడో వంతు మాయమవుతుంది. సెల్స్ అన్నీ సిరీస్‌లో, అంటే గొలుసులా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వాటిని మూడు భాగాలుగా విడదీసి ఒక్కోదానికీ ఒక బైపాస్ డయోడ్ (కరెంటుకు పక్కదారి చూపే చిన్న భాగం) పెడతారు. ఒక సెల్ మొరాయిస్తే దాని భాగం మొత్తాన్ని డయోడ్ పక్కకు తప్పిస్తుంది. పక్కింటి కొబ్బరి మట్ట, సింటెక్స్ ట్యాంకు, డిష్ ఇలాంటి నష్టమే చేస్తాయి. సైటు చూడ్డానికి వచ్చినవాడు పొద్దునా సాయంత్రం నీడ ఎటు పడుతుందో అడగకుండా కొటేషన్ రాసిచ్చాడంటే, నేనైతే ఇంకొకణ్ని పిలుస్తాను.

అపోహ: సోలార్ ఉంటే కరెంటు పోదు

నెట్ మీటర్‌తో (మనం లైనుకు ఇచ్చిందీ, లైను నుంచి తీసుకున్నదీ లెక్కేసే మీటరు) పెట్టే మామూలు ఆన్-గ్రిడ్ సిస్టమ్, అంటే వీధి లైనుకు కలిపి ఉండేది, లైను పోగానే తానూ ఆగిపోతుంది. అది లోపం కాదు. స్తంభం మీద లైన్‌మన్ పని చేస్తుండగా మన మేడ మీది కరెంటు ఆ తీగల్లోకి వెళ్లకూడదు కదా! కోతల్లోనూ ఫ్యాను తిరగాలంటే లైనుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి. ఖర్చు బాగానే పెరుగుతుంది.

అపోహ: సబ్సిడీ ఉంది కాబట్టి ముందు 3 కిలోవాట్లు పెట్టించెయ్యాలి

కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయలు చూసి అందరూ అదే అడుగుతారు. నేను ముందు ఫ్యాన్లు అడుగుతాను. పాత ఫ్యాను 75 వాట్లు తింటే తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. నాలుగు ఫ్యాన్లు పన్నెండు గంటలు తిరిగితే రోజుకు రెండు యూనిట్లు మిగులుతాయి. మన దగ్గర అర కిలోవాట్ ప్యానెళ్లు రోజంతా కష్టపడితే వచ్చేది అంతే.

అపోహ: ప్యానెల్ తయారీకయ్యే కరెంటు అది ఎప్పటికీ తిరిగివ్వదు

రెండేళ్లలోపే ఇచ్చేస్తుంది. వారంటీయే పాతికేళ్లు.

అపోహ: దేశంలో సగం కరెంటు ఇప్పటికే పచ్చనిది

2025లో సగం దాటింది స్థాపిత సామర్థ్యంలో, అంటే ప్లాంట్లన్నీ కలిసి ఇవ్వగల గరిష్ఠంలో, బొగ్గు, గ్యాస్ లాంటివి కాని వాటి వాటా. ఉత్పత్తిలో మాత్రం బొగ్గు వాటా ఇంకా నాలుగింట మూడు వంతుల దరిదాపుల్లోనే ఉంది. మధ్యాహ్నం సోలార్ పొంగిపొర్లుతుంది, చీకటి పడగానే భారమంతా బొగ్గు మీదికి పోతుంది. శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్ల రివర్సిబుల్ టర్బైన్లు నీళ్లు వెనక్కి ఎత్తగలిగేలా పెట్టింది, పిన్నాపురంలో పంప్డ్ స్టోరేజీ (మిగులు కరెంటుతో నీళ్లు పైకెత్తి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ప్లాంటు) కట్టింది ఇలా కరెంటును ఒక వేళ నుంచి ఇంకో వేళకు మళ్లించడానికే. నెట్ మీటర్‌లో పగటి యూనిట్, రాత్రి యూనిట్ చెల్లుకు చెల్లు అయిపోతాయి గానీ, రాత్రి వాడిన యూనిట్‌కు ఎక్కడో బొగ్గు కాలుతూనే ఉంటుంది. అందుకే ట్యాంకు మోటారు, వాషింగ్ మెషీన్, గ్రైండర్ పదకొండుకూ మూడుకూ మధ్య నడపమంటాను. గీజరును మధ్యాహ్నం వెయ్యమంటే ఇంట్లో ఎవరూ వినరు. దానికి సోలార్ వాటర్ హీటరే నయం.