లాటూర్ సీసాలో వగరు

తోట మారదు, ద్రాక్ష మారదు, మరి ఒకే తోట వైను ఏడాదికో తీరుగా ఎందుకుంటుందని ఒక పాఠకుడు అడిగారు. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో, పోయాక్ వద్ద ఉన్న షాటో లాటూర్ ఇందుకు చక్కని ఉదాహరణ. 1855 నాటి బోర్డో వైన్ల వర్గీకరణలోనే మొదటి శ్రేణిలో నిలిచిన ఈ తోటలో ప్రధానమైన ద్రాక్ష కాబెర్నే సావిన్యోన్. దాని పండు చిన్నది, తొక్క మందం, టానిన్లు దండి.

టానిన్ అంటే నేరేడు పండు తిన్నప్పుడు నాలుకను పట్టేసే వగరే. నాలుకకు అంటుకునే ఆ ఊదా రంగు కూడా ఎర్ర వైనుకు రంగునిచ్చే ఆంథోసయనిన్ల కుటుంబానిదే. లాలాజలంలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండే ప్రోటీన్లు నోటిని జారుడుగా ఉంచుతాయి. టానిన్లు వాటిని పట్టుకుని ముద్దలు కట్టించడంతో నోటిలో రాపిడి పెరుగుతుంది. అందుకే మన షడ్రుచుల లెక్క ఒప్పుకోకపోయినా, శాస్త్రవేత్తలు చాలామంది వగరును రుచి కన్నా స్పర్శగానే చూస్తారు.

2003లో ఐరోపా వడగాడ్పులకు ఉడికిపోయింది. ఎండ తీవ్రమైతే పండులోని మాలిక్ ఆమ్లం శ్వాసక్రియలోనే ఖర్చయి, పులుపు తగ్గుతుంది; కనుక ఆ ఏటి వైను గుండ్రంగా, మెత్తగా తోస్తుంది. 2010లో వేసవి పొడిగా ఉన్నా రాత్రులు చల్లబడడంతో పులుపు నిలిచింది, టానిన్లూ పుష్కలంగా చేరాయి. పులుపు వగరును ఎగదోస్తుంది కనుక ఆ వైను నోటిని బిగిస్తుంది. అంతా మట్టి మహిమేనని పూజించేవారు ఈ రెండు గ్లాసులనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఇక వయసు సంగతి. 1982 వైనును తెల్లని కాగితం మీద వంచి చూస్తే అంచున ఇటుక రంగు కనిపిస్తుంది. విడిగా ఉన్న ఆంథోసయనిన్ అణువుల్లో అధిక భాగం వైను ఆమ్లతలో రంగులేని రూపంలోనే ఉంటాయి. అవి టానిన్లతో నేరుగానో, ఎసిటాల్డిహైడ్ అనే చిన్న అణువు వంతెనగానో కలిసినప్పుడే రంగు స్థిరపడుతుంది. టానిన్లు ఒకదానికొకటి అతుక్కుని పొడవై, అడుగుకు దిగిపోవడం వల్లనే వగరు తగ్గుతుందని ఇంకా బోధిస్తుంటారు, కానీ గొలుసు పొడవైతే సాధారణంగా వగరు పెరుగుతుంది. ఆమ్లంలో ఆ గొలుసులు తెగుతూ, మళ్ళీ కలుస్తూ, ప్రోటీన్లకు అంతగా అంటని రూపాలకు మారడం కూడా మెత్తదనానికి కారణమే.

పోల్చి చూసేటప్పుడు సీసా పేరు దాచడం ఒక్కటే చాలదు. ప్రతి గుక్కా లాలాజల ప్రోటీన్లను కొంత హరిస్తుంది. మధ్యలో తగిన విరామం లేకపోతే, మొదట మెత్తగా తోచిన వైనే నాలుగో గ్లాసులో పోసినప్పుడు మొరటుగా తోస్తుంది. కనుక గ్లాసుల వరుసను ఒక్కొక్కరికి ఒక్కో విధంగా మార్చి ఇవ్వాలి.