బొమ్మ లేని బొమ్మ

గుంటూరు

చిన్నూకీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

పోయిన వారం బెజవాడలో డాక్టరు గారి దగ్గర కూర్చున్నప్పుడు ఎదురుగోడకి ఒక పెద్ద పెయింటింగ్ ఉంది, గుర్తుందా? పైన ముదురు ఎరుపు, కింద నలుపు, మధ్యలో సన్నటి నారింజ చార. "ఇందులో బొమ్మేది తాతయ్యా? ఇలాంటిది నేనూ వేస్తా" అన్నావు చిన్నూ. బుజ్జి మాత్రం చాలాసేపు చూసి, "నాకు కడుపులో ఏదోలా ఉంది" అంది. ఇంతలో మన నంబరు పిలిచారు. వారం నుంచీ నాకదే ఆలోచన.

మీ నానమ్మ వంటింట్లో ఎండుమిరపకాయలు వేయించిందనుకోండి. ముందుగదిలో చదువుకుంటున్న మీకు తుమ్ములొస్తాయి. కాయ మీకు కనపడలేదు, దాని పేరు ఎవరూ చెప్పలేదు. తుమ్మాకే కదా "నానమ్మా, ఏం వేయిస్తున్నావ్?" అని అరుస్తారు! ముందు ఘాటు, తర్వాత పేరు. రంగూ అంతే. మామూలు బొమ్మలో కాయ కనిపిస్తుంది. 'ఓహో, మిరపకాయ' అనుకుని ముందుకెళ్ళిపోతాం, ఘాటు సంగతి మర్చిపోతాం. అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ వేసేవాళ్ళు కాయని తీసేసి ఘాటుని ఉంచుతారు. ఘాటుల్లోనూ తేడాలున్నాయి. పచ్చిమిర్చిది నాలుక మీద చురుక్కుమంటుంది, వేయించిన ఎండుమిర్చిది గొంతులో కూర్చుంటుంది. రంగుల్లో పసుపు మన మీదికి వస్తుందనీ, నీలం మనకి దూరంగా లోపలికి జరుగుతుందనీ కాండిన్‌స్కీ అనే రష్యా చిత్రకారుడు రాశాడు.

ఆయన కథ మీకు చెప్పాల్సిందే. 1896లో మాస్కోలో ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్ళి, ఫ్రాన్సు చిత్రకారుడు మోనే వేసిన గడ్డివాము బొమ్మ ముందు నిలబడ్డాడు. అది గడ్డివామని కేటలాగ్ చూస్తేగానీ తెలియలేదు. ముందు ఇబ్బంది పడ్డాడు, కానీ ఆ బొమ్మ మనసులోంచి పోలేదు. లా చదివినవాడు ఆ దారి వదిలేసి, ముప్ఫయ్యేళ్ళ వయసులో మ్యూనిచ్ వెళ్ళి బొమ్మలు నేర్చుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఒక సాయంత్రం ఇంటికొస్తే గోడకానించి ఒక అద్భుతమైన బొమ్మ కనిపించింది. ఏం బొమ్మో అర్థం కాలేదు. దగ్గరికెళ్తే తను వేసిందే, పక్కకి తిప్పి ఉంది! తన బొమ్మలకి అందులోని వస్తువులే అడ్డమని ఆయనకప్పుడు తెలిసింది.

నాకు ఇలాంటిది జరిగింది మిరప కళ్ళంలో. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆడవాళ్ళు తాలు కాయలు ఏరి ఇళ్ళకి వెళ్ళిపోయారు. నాన్న నన్ను కాపలా ఉంచి ఊళ్ళోకి వెళ్ళాడు. పొద్దు వాలుతోంది. కాయలు కాయలుగా కనిపించడం మానేశాయి. కాళ్ళ దగ్గర నుంచి గట్టు దాకా ఒకటే ఎరుపు, ఏదో ఊపిరి పీలుస్తున్నట్టు. భయమా, సంతోషమా? ఇప్పటికీ చెప్పలేను. ఆ రాత్రే అకాల వాన పడింది. పొద్దున్నే తడిసిన కాయల్ని దోసిట్లోకి తీసుకుని నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. అందుకే ఆ డాక్టరు గారి గోడ మీద ఎరుపు కింద నలుపు చూడగానే నాకు గొంతు పట్టేసింది. బుజ్జికి కడుపులో తగిలింది వేరే ఏదో అయి ఉంటుంది. ఘాటు అందరికీ తగులుతుంది, కానీ ఎవరి జ్ఞాపకాన్ని వెళ్ళి తడుతుందో వాళ్ళకే తెలుసు.

అమెరికాలో మార్క్ రోత్కో అనే చిత్రకారుడు మనిషి కంటే పెద్ద పెద్ద కాన్వాసుల మీద రంగుని పల్చగా కలిపి పొర మీద పొర వేసేవాడు. అందుకే వెలుగు లోపల్నుంచి వస్తున్నట్టుంటుంది. అంచులు మసగ్గా ఉంటాయి కాబట్టి కన్ను ఒకచోట ఆగదు. దగ్గరగా నిలబడి చూడాలనేవాడు. ఆ బొమ్మల ముందు ఏడ్చినవాళ్ళున్నారు. రంగు పూసిన గుడ్డకి మనిషిని ఏడిపించే శక్తి ఎలా వస్తుందో ఇంతకంటే వివరంగా చెప్పడం నా వల్ల కాదు నాన్నా. ఈ వయసులోనూ అది నాకు ఆశ్చర్యమే.

చిన్నూ, నువ్వూ తప్పకుండా వెయ్యి. పరీక్ష రోజు పొద్దున నీకుండే టెన్షన్‌ని వెయ్యి చూద్దాం. పుస్తకం, పెన్ను, బడి ఏమీ గీయకూడదు. రంగులతోనే! ఎంత కష్టమో తెలుస్తుంది. చేతకాదని మాత్రం వదిలెయ్యకు.

బుజ్జీ, నువ్వు సాయంత్రం నాన్నతో ప్రకాశం బ్యారేజి మీదికి వెళ్ళు. పడమటి వైపు తిరిగి, కళ్ళు సగం మూసి కృష్ణని చూడు. పడవలు, కొండలు కరిగిపోయి రంగులే మిగిలేదాకా చూడు. తర్వాత నాకు ఉత్తరం రాయి. అక్కడ ఏమేం కనిపించాయో వద్దు. నీకు ఎక్కడ తగిలిందో రాయి.

ఉంటాను.

మీ తాతయ్య