జేబులో పట్టే మైక్రోస్కోపు: చౌకయింది ఏది, కానిది ఏది?

2014లో స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాష్ బృందం కాగితం మడిచి చేసిన ఫోల్డ్‌స్కోపు గురించి చెప్పగానే, ఇక పల్లెల్లో డాలరుకే రోగ నిర్ధారణ అన్నంత హడావుడి జరిగింది. డాలరు మాట నిజమే, విడిభాగాల ఖర్చు అంతకన్నా తక్కువే. రోగ నిర్ధారణ దగ్గరే తొందరపడ్డారు.

వెంట తీసుకెళ్లే మైక్రోస్కోపు పాత ఆలోచనే. దోమల్లో మలేరియా జీవిని కనిపెట్టిన బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ తన ప్రయాణాల కోసం ఒకటి తానే డిజైన్ చేసి లండన్‌లో చేయించుకున్నాడు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా జీవిని చూసే నాటికి చెమట కారి దాని స్క్రూలు తుప్పుపట్టాయి, మిగిలిన ఒక్క ఐపీసూ (కన్ను ఆనించి చూసే కటకం) పగిలింది. కోసిన దోమలు గాలికి ఎగిరిపోతాయని ఆ ఉక్కలో పంకా కూడా వద్దన్నాడు. 1930ల్లో జాన్ మెకార్థర్ కాంతి దారిని లోపలే మలుపులు తిప్పి, చేతిలో ఇమిడే మైక్రోస్కోపు చేశాడు. సైజు సమస్య అప్పుడే తీరిందన్నమాట.

తీరనిది వేరే ఉంది. పీహెచ్‌సీలో మలేరియా రక్తపూతనే తీసుకోండి. వేలు గుచ్చాలి, స్లైడు మీద పూత పూయాలి, ఆరబెట్టాలి, రంగు వేయాలి, నూనె చుక్క పెట్టి వెయ్యి రెట్లు పెంచి చూడాలి. కనీసం వంద ఫీల్డులు (ఒక్కో చూపులో కనిపించే స్లైడు భాగాలు) చూడందే నెగెటివ్ అని రాయకూడదు. మైక్రోస్కోపు ఉచితంగా ఇచ్చినా ఈ చాకిరీలో ఒక్కటీ తగ్గదు. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఖాళీగా ఉంటే స్లైడ్లు పెట్టెలోనే ఉంటాయి. పైగా మామూలుగా అమ్మే ఫోల్డ్‌స్కోపు పెంచేది సుమారు 140 రెట్లే. బడిపిల్లలకు చెరువు నీళ్లు చూపించడానికి భేషుగ్గా ఉంటుంది, మలేరియాకు చాలదు. ఊళ్లలో ఆ పనిని చాలావరకు ఆర్డీటీ కిట్లు (రక్తపు చుక్కతో అక్కడికక్కడే ఫలితం చూపే పరీక్షలు) అందుకున్నాయి. వాటికి కటకమే అక్కర్లేదు.

అసలు విజయం కామెరూన్‌లో దక్కింది. నల్ల ఈగల వల్ల వచ్చి చూపు పోగొట్టే రివర్ బ్లైండ్‌నెస్‌కు అక్కడ ఐవర్‌మెక్టిన్ ఇస్తారు. కానీ ఒంట్లో లోవా లోవా అనే పురుగు పిల్లలు విపరీతంగా ఉన్నవాళ్లకు ఆ మందే ప్రాణాంతకం కావచ్చు. 1999లో ఒకోలా జిల్లాలో మరణాలు జరగడంతో పంపిణీ ఆపేశారు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేనియల్ ఫ్లెచర్ బృందం ఐఫోన్‌తో చేసిన లోవాస్కోపును 2015లో అదే జిల్లాకు తీసుకెళ్లారు. ఈ పురుగులు రక్తంలోకి వచ్చేది పగలే కాబట్టి పరీక్షలూ పగలే. రంగు వేయక్కర్లేదు. పురుగు మెలికలు తిరిగితే చుట్టూ ఎర్ర రక్తకణాలు కదులుతాయి, వీడియోలో ఆ కదలికను బట్టి ఫోనే లెక్క కడుతుంది. 16 వేల మందికి పైగా పరీక్షించి, లెక్క మరీ ఎక్కువగా ఉన్న సుమారు రెండు శాతం మందికి మందు ఆపారు. ఈసారి ప్రాణాల మీదికి ఎవరికీ రాలేదు.

అయితే ఈ కిటుకు కదిలే పురుగుకే పనికొస్తుంది. రంగు వేసిన తెమడ స్లైడులో టీబీ సూక్ష్మజీవి కదలదు, దాన్ని వేరే రకంగా పట్టుకోవాలి.